కమాను పలుకుబడి

పాశ్చాత్య స్వరలిపిలో స్వరచిహ్నముపై నుంచెడి చుక్కకంటె అల్పమైన గుర్తు మఱియొకటి లేదు. అయినను ఆ చుక్క ఫిడేలు వాయించువాని చేతికి విడిచిపెట్టు నిర్ణయములు పెక్కు గలవు. ఈ స్వరమును కుదించి, తరువాతిదానికి అంటనీయక, విడిగా పలుకుమని మాత్రమే అది చెప్పును. కమాను తీగపై ఆనియుండి ఆగవలెనో, తీగనుండి లేచి ఎగురవలెనో, చేతిపట్టునకు దగ్గఱి భాగముతో గీయవలెనో, కొసతో గీయవలెనో, స్వరమునకు గల కాలములో సగము మ్రోగవలెనో, పాతికవంతే మ్రోగవలెనో చుక్క చెప్పదు. పాట నడకను బట్టియు, మందిరపు ప్రతిధ్వనిని బట్టియు, ముందు వరుసలో కూర్చున్న నాయకుని మోచేతి కదలికను బట్టియు వాయించువాడు లిప్తకాలములో వాటినన్నిటిని నిశ్చయించుకొనును. స్వరము కూర్చినవాడు ఆ నిశ్చయముల నడుగడు. అడుగవలసిన అగత్యము అతనికి తరతరములుగా కలుగలేదు.

నేడు, నలుగురు వాద్యగాండ్రయినను పట్టని గదిలో కంప్యూటరు ముందు కూర్చుండి పూర్ణమైన ఆర్కెస్ట్రాకు సంగీతము కూర్చువానికి ఆ చుక్క చాలదు. అతని యెదుట నున్నవి శాంపిళ్లు. ధాన్యపు వర్తకుడు బస్తానుండి గుప్పెడు తీసి చూపెడి మచ్చు వంటివి. నిజమైన వాద్యగాండ్రు ఒక్కొక్క స్వరమును ఒక్కొక్క తీరున వాయించగా, మైక్రోఫోనులతో పట్టి, ముక్కలుగా కోసి, కీబోర్డు మెట్లకు తగిలించిన ధ్వనులవి. మెట్టు నొక్కినంతనే మచ్చు పలుకును. కాని ఏ తీరున పలుకవలెనో ముందుగా అతడే చెప్పవలెను. తెరమీద పేర్ల పట్టిక నిలిచియుండును: లెగాటో, డెటాషే, స్టకాటో, స్పికాటో, మార్కాటో, ట్రెమొలో, పిజ్జికాటో, కోల్ లెన్యో. ఈ తీరులనే ఆర్టిక్యులేషన్లందురు. ఏ స్వరమునకు దేని నెన్నుకొనవలెనన్న ప్రశ్న అతనికి గంటలకొలది పని పెట్టును. ఆ పట్టికలోని పేర్లను యంత్రము కల్పింపలేదు. వాటి వెనుకనున్న పద్ధతులలో కొన్నింటికి నాలుగు శతాబ్దముల వయస్సున్నది. అవి వాద్యగాని మోచేతిలోను, కమాను చెక్కినవాని నేర్పులోను, స్వరకర్త పట్టుదలలోను పుట్టినవి. వాటి పూర్వచరిత్రయు, అవి యంత్రములోనికి చేరిన చరిత్రయు ఒకే కథగా చెప్పుకొనదగినవని నా తలంపు. ఏలయనగా, వాద్యగాడు ఒకరు అడుగకయే చేయుచుండిన పని యెంతటిదో అతనిని తప్పించి చూచిన తరువాతగాని లోకమునకు తెలియవచ్చినది కాదు.

ఆర్టిక్యులేషన్ అను మాటకు లాటినులోని మూలము చిన్న కీలు. కీళ్లుగా విడదీయుట, అక్షరములను విడివిడిగా స్ఫుటముగా ఉచ్చరించుట, అను అర్థములు దానినుండి వచ్చినవి. మనవారికి ఈ భావము క్రొత్తదికాదు. వాద్యము మ్రోగినదనుట ఒకటి, పలికినదనుట ఒకటి. వీణను పలికించువాడని ఒకరిని గూర్చి అన్నచో అంతకు మించిన ప్రశంస అక్కఱలేదు. కావున ఈ వ్యాసమున దానిని పలుకు అనియే వ్యవహరించెదను.

1624వ సంవత్సరపు కార్నివాల్ దినములలో వెనిస్ నగరమున, మొచెనీగో అను ప్రభువు సౌధములో, స్వరకర్త మోంటెవెర్డి తాంక్రేదీ, క్లోరిందా అను వీరుల ద్వంద్వయుద్ధమును సంగీతరూపమున ప్రదర్శింపజేసెను. క్రోధమును ధ్వనింపజేయు బాణి అంతవఱకు సంగీతమున లేదని ఆయన భావము. అందుకై ఒకే స్వరమును ముక్కలు చేసి, ఒక కొలతలో పదునాఱు సారులు త్వరత్వరగా వాయింపుడని వ్రాసెను. మఱియొకచోట కమానును విడిచి రెండు వ్రేళ్లతో తీగను మీటుడని వ్రాసెను. నేటి పట్టికలోని ట్రెమొలో, పిజ్జికాటోలు రెండును ఆ ఒక్క కృతిలోనే ప్రక్కప్రక్కను కనబడును. 1638లో అచ్చయిన మాడ్రిగళ్ల యెనిమిదవ సంపుటమునకు వ్రాసికొన్న పీఠికలో ఆయన ఒక సంగతి చెప్పినాడు. ఒకే తీగను కొలతకు పదునాఱు మార్లు మ్రోగించుట వాద్యగాండ్రకు, అందును మంద్రభాగము వాయించువారికి, మొదట మెచ్చదగినదిగా గాక నవ్వదగినదిగా తోచెనట. వారు ఆ పదునాఱింటిని ఒక్కటిగా తగ్గించి వాయించిరట. తగ్గించినంతనే ఉద్రేకమంతయు చప్పబడిపోయెనట. స్వరకర్త కోరిన పలుకు ఒకటి, వాద్యగాడు ఇచ్చిన పలుకు వేఱొకటి అయిన సందర్భమును ఇంత సూటిగా తెలిపిన ప్రాచీన సాక్ష్యమును నేను వేఱొకదాని నెఱుగను.

అటుపిమ్మట పలుకులు ఒక్కొక్కటిగా చేరుచు వచ్చినవి. 1673లో బీబెర్ తన యుద్ధసంగీతమైన బత్తాలియాలో, పెద్ద ఫిడేలు తీగల నడుమ కాగితము జొనిపి తప్పెట మ్రోతను, తీగను గట్టిగా లాగి విడిచి ఫిరంగి మ్రోతను రప్పించెను. ఫ్రాన్సులో లుల్లీ వేఱొక దారి పట్టెను. ఆయన శిక్షణమున వాద్యగాండ్రందఱి కమానులు ఒకేసారి క్రిందికి దిగి ఒకేసారి మీదికి లేవవలసినదే. ఆ క్రమశిక్షణ యొక్క నియమములను, యౌవనమున పారిస్‌లో లుల్లీ బాణిని నేర్చుకొన్న గేయోర్గ్ మూఫాట్, 1698లో నాలుగు భాషలలో వ్రాసిన పీఠికయందు వివరించెను: కొలతలోని మొదటి స్వరమునకు కమాను క్రిందికి దిగవలెను. ఈ చిన్న నియమమును పాఠకులు జ్ఞాపకముంచుకొనుటకు కోరుచున్నాను. మూడువందల యేండ్ల తరువాత యంత్రములోపల అది మరల మనకు ఎదురగును.

ఈ విద్యకు శాస్త్రగ్రంథమనదగినది 1756లో ఆగ్స్‌బర్గ్ నగరమున అచ్చయినది. దానిని వ్రాసిన లెయోపోల్డ్ మోట్సార్ట్‌కు ఆ యేటనే వోల్ఫ్‌గాంగ్ జన్మించెను. జగత్ప్రసిద్ధుడైన కుమారుని కీర్తిచే తండ్రి గ్రంథము మఱుగుపడినదని కొందఱు వగచెదరు గాని, ఫిడేలు నేర్చువారికి అది యెన్నడును మఱుగుపడలేదు. కమానును ఎన్ని విధముల విభజింపవచ్చునో, ఏ స్వరములను ఒక గీతలో కలుపవలెనో, వేనిని విడదీయవలెనో, ఒకే స్వరసముదాయము కమానుగీతలను మార్చినంతనే ఎట్లు వేఱు రూపము దాల్చునో ఆయన ఉదాహరణములతో చూపెను. అందులో ఒక పరిశీలన నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఎంత బలముగా ఎత్తుకొన్న స్వరమునకైనను ఆరంభమున, చెవికి పట్టీపట్టని చిన్న మెత్తదనము ఉండును. అది లేనిచో వినబడునది స్వరము గాదు, కర్కశమైన చప్పుడు మాత్రమే యని ఆయన మతము. స్వరము పుట్టెడి ఆ క్షణమును, తలుపు తెఱచునప్పటి కదలిక వంటి ఆ లవలేశమును, ఆయన చెవి పట్టినది. దీనికి కూడ మనము తిరిగి రావలసియున్నది.

ఆయన కాలపు కమాను నేటి కమాను కాదు. దాని కొయ్య తిన్ననిదిగానో వెలుపలికి వంగినదిగానో యుండెడిది, వెండ్రుకల బిగువు తక్కువ, కొస తేలిక. గీత మొదట మెత్తగా పుట్టి, నడుమ ఉబ్బి, కొసను సన్నగిల్లుట దానికి సహజగుణము. ఆ శతాబ్దపు చివర, సుమారు 1785 మొదలుకొని, పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్ట్ అను శిల్పి ఈ స్వభావమును మార్చివైచెను. బాల్యమున గడియారములపని నేర్చినవాడగుటచే కాబోలు, కొలతలయందు అతనికి గొప్ప పట్టు ఉండెను. ఎఱ్ఱరంగు తీయుటకై బ్రెజిల్‌నుండి ఐరోపాకు వచ్చు పెర్నంబుకో కొయ్యను ఎంచి, దానిని వేడిచేసి లోపలికి వంచి, వెండ్రుకలు వెడల్పైన పట్టీవలె పఱచుకొనునట్లు లోహపుబిళ్లతో బిగించెను. కొసకు బరువు వచ్చినది; కొయ్యకు స్ప్రింగువంటి సత్తువ వచ్చినది. గీత మొదటినుండి తుదివఱకు ఒకే బలముతో సాగుటయు, కమాను తీగపై బంతివలె తనంతతాను ఎగురుటయు సులభమైనవి. 18వ శతాబ్దారంభమున స్టకాటో, స్పికాటో అను రెండు మాటలకును విడదీసి వాయించుట అనునదే అర్థము. ఒకదాని బదులు మఱియొకటి వాడెడివారు. స్పికాటో యనగా ఎగురు కమాను అను అర్థము ఈ క్రొత్త కమానుతో స్థిరపడినది. మాట పాతది, మాట క్రిందనున్న పని మాఱినది. నేటి పట్టికలో ఆ రెండు పేర్లును వేర్వేఱు వరుసలలో నిలుచుటకు ఒక కొయ్య వంపు కారణమని తలచినప్పుడు, శిల్పియు గ్రంథకర్తయే యని నాకు తోచును.

ఆ తరువాతి శతాబ్దపు వృత్తాంతమును క్లుప్తముగా దాటెదను. కొయ్యతో తీగను కొట్టుటను వోల్ఫ్‌గాంగ్ మోట్సార్ట్ 1775 నాటి తన అయిదవ వాయులీన కచ్చేరికృతిలో మంద్రవాద్యములకు వ్రాసెను. 1830లో బెర్లియోజ్ తన అద్భుత సింఫనీ యొక్క కడపటి భాగమున భూతప్రేతముల నృత్యమునకై వ్రాసెను. 1844 నాటి వాద్యరచనాశాస్త్రమున బెర్లియోజ్ ఈ పలుకులను రంగులపెట్టెలోని రంగులవలె వరుసగా పరిచయము చేసెను. చైకోవ్‌స్కీ నాలుగవ సింఫనీలో మూడవభాగమంతయు తీగవాద్యములవారు కమాను ముట్టరు. మొదటినుండి తుదివఱకు మీటుటయే. ఇట్లు పేర్లు నిలిచినవి. వాద్యగాండ్రు వాటిని చేతులలో భద్రపఱచుకొనిరి. స్వరకర్త ఒక చుక్కయో, ఒక గీతయో, ఒక ఇటాలియను మాటయో వ్రాసి నిశ్చింతగా నుండెను.

ఆ నిశ్చింత మొదటిసారి చెడినది టేపుతో. కాలిఫోర్నియాలో హారీ చేంబర్లిన్ అను నాతడు, 1940ల చివర మొదలుపెట్టి, మెట్టునకొక టేపుముక్క చొప్పున బిగించిన వాద్యమును నిర్మించెను. దాని ననుసరించి 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బ్రాడ్లీ సోదరుల కర్మాగారమున మెలోట్రాన్ వెలువడినది. మెట్టు నొక్కగా టేపు చక్రముల నడుమ కదలి, ఎన్నడో ఎవరో వాయించిన ఫిడేళ్ల స్వరము వినిపించును. టేపును వలయముగా అతికించి తిరుగనిచ్చినచో స్వరము ఎంతసేపైనను సాగును. అయినను అట్లు చేయలేదు. ఏలయనగా, వలయమునకు మొదలు లేదు. మెట్టు ఎప్పుడు నొక్కినను స్వరము మధ్యనుండియే వినబడును. స్వరము పుట్టుకను దక్కించుకొనుటకై ముక్కటేపునే ఉంచుకొని, దాని వెలగా ఎనిమిది సెకన్ల హద్దును ఒప్పుకొనిరి. ఎనిమిది సెకన్లు కాగానే స్వరము తెగిపోవును. స్ప్రింగు టేపును వెనుకకు లాగికొనును. దీర్ఘమైన స్వరసంపుటులను నిలుపదలచినవారు, ఒక్కొక్క వ్రేలిని వంతులవారీగా ఎత్తి మరల నొక్కుచు, సాలెపురుగు నడచినట్లు చేయి నడపుట నేర్చిరి. లెయోపోల్డ్ మోట్సార్ట్ గుర్తించిన ఆ మొదటి మెత్తదనమును విడువనొల్లని ఈ నిర్మాతలపై నాకు గొప్ప గౌరవము. బ్రిటనులోని వాద్యకారుల సంఘము తన సభ్యుల జీవనమునకు ఇది ముప్పని భయపడినది. ఆ భయము అన్యాయమైనది కాదు. కాని యంత్రమున అప్పటికి ఉన్న పలుకు ఒక్కటే: ఆ ఎనిమిది సెకన్ల లోపల ఒత్తినంతసేపు సాగెడిది. 1967లో బీటిల్స్ వారి స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్ పాట మొదట వినబడు పిల్లనగ్రోవులు ఆ టేపులవే. వాటి సొంపు వాటి మార్పులేనితనములోనే యున్నది.

పిదప అంకెల యుగము. 1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనువారు ఫెయిర్‌లైట్ అను యంత్రమును వెలువరించిరి. ఒక్కొక్క గొంతునకు దానిలో గల జ్ఞాపకము 16 కిలోబైట్లు మాత్రమే. ఒక సెకను ధ్వని పట్టుట కష్టము. అంత చిన్న పాత్రలో వాద్యబృందమును ఎట్లు నింపుట? స్ట్రావిన్‌స్కీ అగ్నిపక్షి కృతినుండి ఒక్క సమ్మెటదెబ్బ వంటి స్వరసంపుటిని కోసి దానిలో నింపిరి. ఆర్కెస్ట్రా మొత్తము ఒక్క మెట్టుక్రింద ఒక్క దెబ్బగా ఇమిడినది. 1982 నాటి ప్లానెట్ రాక్ పాటనుండి ఆ దెబ్బ లోకమంతట మ్రోగినది. 1981లో ఈము సంస్థవారి ఎమ్యులేటరు, 1988లో అకాయ్ ఎస్1000 వచ్చినవి. ఎస్1000 సీడీతో సమానమైన స్పష్టతతో ధ్వనిని పట్టగలిగెను గాని, దానితో వచ్చు 2 మెగాబైట్ల జ్ఞాపకములో ఒంటిచెవి ధ్వని సుమారు 24 సెకన్లు మాత్రమే ఇమిడెడిది. ఆ 24 సెకన్లను వాయులీనములు, కొమ్ములు, పిల్లనగ్రోవులు, భేరీలు పంచుకొనవలెను. కావున ప్రతి వాద్యమునకు నాలుగైదు స్వరములనే పట్టి, వాటినే పైకి క్రిందికి సాగదీసి, నడుమభాగమును వలయముగా త్రిప్పి సరిపెట్టుకొనిరి. ఇంత ఇఱుకులో పలుకుల భేదమునకు చోటెక్కడిది?

1991లో అన్ని సంస్థల వాద్యయంత్రములును ఒకే వరుసను పాటింపవలెనని జనరల్ మిడి అను ఒడంబడిక చేసికొని, 128 ధ్వనుల పట్టికను నిర్ణయించిరి. పియానో మొదటిది; వాయులీనము 41వది; మన సితారు 105వది. అందు 45వ స్థానమున ట్రెమొలో తీగలు, 46వ స్థానమున పిజ్జికాటో తీగలు కలవు. ఈ రెండును వాద్యములు కావు, పలుకులు. కాని వాద్యములతో సమానముగా వాటికి పీఠములు వేసిరి. కమాను చేతిపనిలోని పెక్కు తీరులలో రెంటికే గుర్తింపు దొరకినది. ఆ రెండును వెనిస్ సౌధమున మోంటెవెర్డి పట్టుపట్టి వాయింపించినవే యగుట నాకు ఆశ్చర్యమును, ఆనందమును కలిగించును. ఆ ఒడంబడిక చేసినవారు ఆయనను తలచుకొని చేసియుండరు. కాని స్వరమును సాగదీయుట తప్ప మఱియేమియు చేయలేని యంత్రముతో అవి రెండును అసాధ్యములని వారి చెవి చెప్పినది. ఆ పట్టికలోనే 56వ స్థానమున ఆర్కెస్ట్రాదెబ్బకు కూడ చోటు దొరకినది.

1990లలో మిరొస్లావ్ వితౌష్ అను చెక్ దేశీయుడు, తాను స్వయముగా పేరొందిన పెద్ద ఫిడేలు వాద్యగాడు, ప్రాగ్ నగరపు ద్వోర్జాక్ మందిరమున చెక్ ఫిల్‌హార్మోనిక్ వాద్యగాండ్రచే పలుకు వెంట పలుకు వాయింపించి మచ్చుల భాండారమును చేయించెను. స్వరకర్తలు వాటికై మచ్చులను పలికించు శాంప్లర్లను పెక్కింటిని దొంతరగా పేర్చుకొని, ఒకదానిలో దీర్ఘస్వరములు, ఒకదానిలో పొట్టిస్వరములు నింపుకొనెడివారు. ఈ కట్టును విప్పినది 1998లో టెక్సాస్‌నుండి వచ్చిన గిగాశాంప్లర్. ప్రతి మచ్చు యొక్క తలభాగమును మాత్రమే జ్ఞాపకమున ఉంచి, అది పలుకుచుండగనే మిగిలినదానిని హార్డ్ డిస్కునుండి తెచ్చుకొనుట దాని యుక్తి. వడ్డించు విస్తరిలో మొదటి ముద్దకు సరిపడ అన్నము వేసి, తినుచుండగనే వంటయింటినుండి తెచ్చుట వంటిది. ఒక్కసారిగా మెగాబైట్ల లెక్క గిగాబైట్లకు మాఱినది. వాద్యగాని చేతిలోని తీరులనన్నిటిని పట్టి దాచుటకు చోటు దొరకినది.

చోటు దొరకినప్పుడు తెలియవచ్చిన లోపము వేఱు. వియన్నాలో హెర్బ్ టుచ్‌మాండ్ల్ అను చెల్లో వాద్యగాడు కొంతమందిని చేర్చుకొని, ఆ నగరపు సమీపమున ఎబ్రైహ్స్‌డోర్ఫ్‌లో నిశ్శబ్దవేదిక అను పేర రికార్డింగుశాలను నెలకొల్పి, వియన్నా సింఫనిక్ లైబ్రరీని ప్రారంభించెను. 2002 ప్రాంతమున దాని తొలి భాండారములు వెలువడినవి. స్వయముగా కమాను పట్టినవాడగుటచే అతనికి తెలిసిన రహస్యమిది: రెండు స్వరములను ఒకే గీతలో కలిపి వాయించునప్పుడు సంగీతము స్వరములలో కంటె వాని నడుమ ఎక్కువగా నున్నది. ఎంత చక్కని మచ్చులనైనను ఒకదాని ప్రక్క ఒకటి పేర్చినచో, రెండవ స్వరమునకు మరల ఒక పుట్టుక వినబడును. ఒకే గీతలో నిజముగా రెండవ స్వరమునకు పుట్టుక లేదు, మొదటి స్వరమే రూపుమాఱి రెండవది యగును. కావున వియన్నావారు స్వరములను గాక సంధులను రికార్డు చేసిరి. వాద్యగాడు రెండేసి స్వరములను కలిపి వాయించును; మొదటిదానిని కోసివైచి, సంధిని, రెండవదానిని నిలుపుకొందురు. స్వరకర్త ఒక మెట్టు విడువకముందే మఱియొకటి నొక్కినచో, యంత్రము ఆ రెంటి నడుమ దూరమును లెక్కించి తగిన సంధిని పిలుచును.

ఈ పని యెంతటిదో కొంచెము లెక్కింతము. నలువది స్వరముల పరిధి గల వాద్యమునకు, ఒక స్థాయి దూరమువఱకు, పైకి పోవు సంధులు 402, క్రిందికి దిగు సంధులు 402, మొత్తము 804. మెల్లగా, మధ్యమముగా, బిగ్గరగా అను మూడు బలములతో వాయించినచో 2,412. ఒకే వాద్యము, ఒకే పలుకు. వాయులీనమున జారుతో కలిపినది వేఱు, శీఘ్రగతిలో కలిపినది వేఱు. ఇన్ని వేల సంధులను ఒకే శ్రుతిలో, ఒకే నిగ్రహముతో, నిశ్శబ్దమైన గదిలో దినములకొలది వాయించిన వాద్యగాండ్రను నేను తపస్వులనియే భావింతును.

స్వరముల నడుమనున్నదే సంగీతమన్న మాట తెలుగువారికి ఎవ్వరును చెప్పనక్కఱలేదు. పాశ్చాత్యుల ఫిడేలును 19వ శతాబ్దారంభమున మద్రాసులో నేర్చి, కర్ణాటక సంగీతమునకు అలవఱచినవారిలో బాలుస్వామి దీక్షితులు ప్రథమగణ్యులు. వారి దౌహిత్రులును దత్తపుత్రులును అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమున సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగులో ప్రకటించిరి. అందు స్వరములపై గమకములకు గుర్తులు పెట్టిరి. కంపితమునకు అలవంటి గీత, ఎక్కుడు జారునకు ఒక వాలుగీత, దిగుడు జారునకు దానికి ఎదురు వాలుగీత. ఫిడేలును మనకు తెచ్చినవారి యింటనే, ఆ ఫిడేలు పలుకవలసిన సంధులకు తెలుగులిపి ప్రక్కన గుర్తులు పుట్టినవి. విజయనగర మహారాజా సంగీత కళాశాలలో 1919లో ఆచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి దీర్ఘమైన కమానుగీతను విన్నవారు, కుడిచేతి పలుకును ఎడమచేతి గమకమును విడదీయుట ఎంత కష్టమో యెఱుగుదురు. వియన్నావారి 804 సంధులలో ఒక్కటియైనను తోడి రాగపు గాంధారమును పలుకలేదు. వారి సంధి స్వరమునుండి స్వరమునకు పోవు మార్గము, మన గమకము స్వరముననే జరుగు సంచారము. ఇది వారి లోపముగా చెప్పుటలేదు. వారు తమ సంగీతపు కీళ్లను వెదకి పట్టిరి. మన కీళ్లు వేఱుచోట నున్నవి.

భాండారములు పెరిగినకొలది, ఎన్నుకొను ఉపాయము కావలసివచ్చినది. వాయులీనమున అన్నిటికంటె మంద్రమైన స్వరము, 88 మెట్ల కీబోర్డుపై ఎడమనుండి 35వ మెట్టు. దాని క్రిందనున్న 34 మెట్లు ఆ వాద్యమునకు మూగవి. ఆ మూగమెట్లకే ఎన్నికల పని అప్పగించిరి: ఒకటి నొక్కినచో లెగాటో, ప్రక్కది నొక్కినచో స్పికాటో, ఆ ప్రక్కది పిజ్జికాటో. వీటిని కీస్విచ్చులందురు. ఎడమచేయి పలుకును ఎన్నుకొనును, కుడిచేయి స్వరమును వాయించును. ఫిడేలులో ఎడమచేయి స్వరమును చూచుకొని కుడిచేయి పలుకును చూచుకొనుటకు ఇది తలక్రిందు. 2009లో క్యూబేస్ అను స్వరరచనా సాధనము, స్వరలిపిలోని చుక్కను, గీతను చూచి ఏ మచ్చును పిలువవలెనో ముందుగా వ్రాసి పెట్టుకొను పట్టికలను ప్రవేశపెట్టినది. చుక్క మరల చుక్కగా నిలిచినది. కాని దాని అర్థమును ఒకసారి స్వరకర్తయే విడమఱచి చెప్పవలసియున్నది.

ఆ అర్థము నిలకడగా నుండదు. నిమిషమునకు 120 దెబ్బల నడకలో అరదెబ్బ స్వరము పాతికవంతు సెకను. ఎగురు కమాను మచ్చు దానిని చక్కగా నింపును. అదే స్వరము 60 దెబ్బల నడకలో అరసెకను; అదే మచ్చును వాడినచో ప్రతిస్వరము వెనుక ఒక గొయ్యి మిగులును, పంటిసందువలె కనబడును. అచ్చట కమాను తీగను విడువని డెటాషే కావలెను. వాద్యగాడైనచో నడక మందగించినకొలది తానే కమానును తీగకు దింపును. గతి మాఱునప్పుడు ఏ దెబ్బవద్ద దింపినాడో అతనికే తెలియదు. స్వరకర్త ఆ దెబ్బను లెక్కించి కీస్విచ్చును అక్కడ నాటవలెను. మఱియు, చాలా భాండారములలో పొట్టిస్వరములు మెట్టు నొక్కిన వేగమును బట్టియు, దీర్ఘస్వరములు ప్రక్కనున్న చక్రమును త్రిప్పిన మేరను బట్టియు బలమును గ్రహించును. కాబట్టి పొట్టిస్వరములనుండి దీర్ఘస్వరమునకు పోవుచోట, వాయించువారు పది మంది లేచిపోయి వేఱు పది మంది వచ్చి కూర్చుండినట్లు వినబడకుండ రెండు కొలతలను సరిచేయవలెను. ఒకే స్వరము వరుసగా మ్రోగునప్పుడు ఒకే మచ్చు తిరిగితిరిగి పలికినచో మరతుపాకి మ్రోతగా నుండును. అందుచే ప్రతిస్వరమును నాలుగైదు మార్లు వాయింపించి వంతులుగా పలికింతురు. ఆ వంతులలో దిగుకమాను, ఎక్కుకమాను కూడ నుండును. వంతు తప్పి కొలత మొదటిస్వరమునకు ఎక్కుకమాను వచ్చినచో చెవి చివుక్కుమనును. వంతులను కొలత మొదట మరల ఆరంభించు ఏర్పాటు అందుకే యున్నది. 1698లో మూఫాట్ వ్రాసిన నియమము అదియే.

లెయోపోల్డ్ మోట్సార్ట్ మెత్తదనము కూడ తిరిగివచ్చినది. తొలినాళ్లలో మచ్చులను కోయువారు, మెట్టు నొక్కినంతనే పలుకవలెనని, స్వరము పుట్టెడి లవలేశమును కత్తిరించివైచెడివారు. స్వరములు చురుకుగా పలికినవి. కాని వాద్యము కొయ్యబారినది. తరువాతివారు ఆ మొదటి భాగమును నిలుపుకొనిరి. నిలుపుకొన్నందుచే స్వరము పూర్ణముగా వినబడుటకు సెకనులో పదియవవంతో, అంతకు మించియో పట్టును. లెగాటో సంధులయందు మఱింత. కావున నేటి స్వరకర్త తాను వ్రాసిన స్వరమును కాలరేఖపై ఆ మేరకు ముందునకు జరుపును. ఒక్కొక్క పలుకునకు ఒక్కొక్క మేర. ఈ జరుపుటను పలువురు యంత్రదోషమునకు చేయు సవరణగా భావింతురు. నేనట్లు భావింపను. నిర్వాహకుని కఱ్ఱ దిగుటకు ముందే కమాను తీగను తాకుట వాద్యబృందములలో నిత్యము జరుగునదే. ఒకరు చెప్పక, ఒకరు కొలువక జరుగుచుండిన ఆ ముందుచూపు ఇప్పుడు ఒక అంకెగా కనబడుచున్నది.

ఇటీవలి భాండారములలో కాలమే పేరుకొన్నట్లుండును. వియన్నావారు 1940 ప్రాంతమున చలనచిత్రసంగీతమునకై కట్టిన ఒక విశాలశాలను బాగుచేయించి 2015లో అందు రికార్డింగులు ప్రారంభించిరి. లండనులోని స్పిట్‌ఫైర్ సంస్థవారు బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాను మైడావేల్ స్టూడియోలో పట్టి 2019లో వెలువరించిరి. ఆ స్టూడియో మొదట చక్రముల జోళ్లతో జాఱెడి ఆటకై కట్టిన కట్టడము. మన సినిమా స్టూడియోలలోను ఈ మచ్చులు నేడు దినసరి పనిముట్లే. పాటకు నమూనాను మచ్చులతో కట్టి దర్శకునికి వినిపింతురు. వ్యయమునకు సిద్ధపడిన చిత్రములకు పిదప నిజమైన తీగవాద్యముల బృందమును పిలిపింతురు.

అట్టి సందర్భమున, నమూనాలో స్వరకర్త రాత్రులకొలది ఎన్నుకొని నాటిన పలుకులన్నియు స్వరలిపి పత్రములోనికి వచ్చునప్పటికి మరల చుక్కలును వంపుగీతలును అగును. పత్రములు బల్లలపై పఱుతురు. మొదటి బల్లవద్ద కూర్చున్న ఫిడేలు నాయకుడు ఒకసారి నమూనాను విని, పెన్సిలు తీసి, రెండవ వరుసలోని ఒక స్వరముపై ఎక్కుకమాను గుర్తు వ్రాసి, వెనుకబల్లలవారికి కనబడునట్లు పత్రమును పైకెత్తి పట్టుకొనును. వారందఱును తమ పత్రములలో అదే స్వరముపై అదే గుర్తు వ్రాసికొందురు.